పడినట్లుగా భావించడమైనది

రాళ్ళపెంటలో ఎవరికైనా పేరు రావాలంటే పడాలి. ఊరికి ఉత్తరాన ఉన్న కుందేలుగుట్ట మీద గేర్ల సైకిలు తొక్కుతూ ఎవరు ఎక్కడ పడితే ఆ చోటుకు వాళ్ళ పేరు పెట్టడం అక్కడి రివాజు. దానికీ ఒక పద్ధతి ఉంది. పడగా ఇద్దరు చూసి ఉండాలి. పడినవాళ్ళు లేచి నవ్వాలి. సైకిలును గానీ, దారిని గానీ, ముందు పోతున్నవాణ్ణి గానీ తిట్టారంటే పేరు రద్దు. ఆ లెక్కన పదేళ్ళలో గుట్ట మీద ముప్ఫయ్యొక్క పేర్లు వెలిశాయి. లైన్‌మన్ తిమ్మప్ప బండ, పోస్టాఫీసు వనజాక్షి వంక, పెద్ద కుళ్ళాయిరెడ్డి గుంత, చిన్న కుళ్ళాయిరెడ్డి గుంత. ఈ చివరి ఇద్దరినీ అన్నదమ్ములనుకునేరు, మనిషి ఒక్కడే. తేడా గుంతల్లో.

గుట్ట కింద రోడ్డు వారన ఓబులేసు సైకిల్ షాపు. ఒకప్పుడు గంటల లెక్కన అద్దె సైకిళ్ళు ఇచ్చిన ఆ షాపులో ఇప్పుడు లావు టైర్ల గేర్ల సైకిళ్ళు వేలాడుతుంటాయి. ఆదివారం పొద్దున ఆరు కొట్టేసరికి పాతికమంది అక్కడ పోగవుతారు. ఓబులేసు అందరి టైర్లూ నొక్కి చూసి, బ్రేకులు లాగి చూసి, తర్వాతే కదలనిస్తాడు. అతని పేరు కూడా గుట్ట మీద ఉంది, కాకపోతే గుట్ట మొదలయ్యే చోటుకు నాలుగడుగులు ఇవతలే పడ్డాడు. దాన్ని గురించి అతను ఎక్కువ మాట్లాడడు.

వీళ్ళందరికీ తొక్కడం నేర్పినవాడు ఖాదర్ సాబు. బస్సు డిపోలో మెకానిక్కుగా రిటైరై, పాత సైకిలుకు తనే గేర్లు బిగించి మొదటిసారి గుట్టెక్కిన మనిషి. అరవై మూడేళ్ళ వయసులో, అన్నిటికన్నా ఎత్తున ఉన్న మూడో మలుపులో మేకల మంద అడ్డం వస్తే వాటిని తప్పించబోయి పడ్డాడు. పడి, నవ్వి, "మేకపిల్లకేం కాలేదు గదా" అని అడిగాడు. అది ఖాదర్ మలుపైంది. పోయినేడు నాలుగు రోజుల జ్వరంతో ఆయన పోయాడు. ఆయనకు ఇల్లు లేదు, సెంటు భూమి లేదు, పిల్లలు లేరు. మిగిలింది భార్య జులేఖాబీ, ఆ మలుపు. ఆయన పేరు భూమ్మీద నిలిచింది అక్కడొక్కచోటే, ఆ పేరు పోకూడదని ఓబులేసు పట్టుదల. గురువుకు ఇవ్వగలిగింది తన దగ్గర వేరే ఏమీ లేదని అతని బాధ.

ఆ ఊరి ఖర్మ కాలి, ఈ పేర్ల సంగతి పేపర్లో జిల్లా పేజీకెక్కింది. అది సాహస పర్యాటకం మీద పైవాళ్ళకు మోజు పుట్టిన ఏడు. వారం తిరక్కుండా షాపు ముందు జీపు ఆగి, అందులోంచి సాహస పర్యాటక మండలి ప్రత్యేకాధికారి పరాంకుశంగారు దిగారు. షాపు గోడ మీద ఎర్ర పెయింటుతో గీసిన గుట్ట పటాన్ని చాలాసేపు చూశారు.

"ఓబులేసుగారూ, ఇది అమూల్యమైన పతన సంపద. దీన్ని గుర్తించి, క్రమబద్ధీకరించి, భావితరాలకు అందించాల్సిన గురుతర బాధ్యత మండలి భుజస్కంధాలపై ఉంది" అన్నారు.

"మంచిది సార్. దోవలో ముళ్ళకంప కొట్టిస్తే అదే పదివేలు" అన్నాడు ఓబులేసు.

"కంప తర్వాత. ముందు ఈ పతనాలకు అనుమతి ఇచ్చింది ఎవరు?"

ఓబులేసుకు ప్రశ్న అర్థం కాలేదు. "పడేదానికి ఎవరిస్తారు సార్ అనుమతి? గుట్ట ఇస్తాది."

పరాంకుశంగారు ఆ సమాధానాన్ని 'అనుమతి లేదు' అని రాసుకున్నారు.

నెల లోపల నలభై నాలుగు పేజీల నిబంధనావళి వచ్చింది. అందులో మొదటిది: 'కుందేలుగుట్టపై ముందస్తు అనుమతి లేకుండా ఎవరునూ పడరాదు.' పడదలచినవారు ఏడు రోజులు ముందుగా, పడు తేదీ, సమయము, స్థలము, పడు ప్రక్క వివరిస్తూ మూడు ప్రతుల్లో దరఖాస్తు చేసుకోవాలి. గుట్ట మీద తొక్కేవాళ్ళు ఎప్పుడు పడతారో తెలియదు కాబట్టి, పడే వీలున్న పని ఏదైనా అనుమతి లేకుండా పడడానికి చేసే ప్రయత్నమే అవుతుంది కాబట్టి, అన్ని పేర్లూ తేలేదాకా తొక్కడమే నిషేధం.

"నేను ఎడమ పక్క పడతానో కుడి పక్క పడతానో వారం ముందు నాకెట్ల తెలుస్తాది సార్?" అని వనజాక్షి అడిగింది. పోస్టాఫీసులో పన్నెండేళ్ళుగా పని చేస్తూ ఫారాలు నింపడంలో ఆరితేరిన మనిషి. ఆ గడి దగ్గర మాత్రం ఆమె పెన్ను ఆగిపోయింది.

"ప్రణాళిక లేకపోవడమే ఈ దేశానికి పట్టిన దరిద్రం తల్లీ" అన్నారు పరాంకుశంగారు బాధగా.

ఇక పాత పేర్ల సంగతి. అవి ఉండాలంటే పడినవారు నలుగురు సభ్యుల పరిశీలన కమిటీ ఎదుట, స్వయంగా, అదే చోట, అదే విధంగా మళ్ళీ పడి నిరూపించుకోవాలి. సైకిలు కదులుతూ ఉండగా పడాలి. ఆగిన సైకిలు మీద నుంచి పడితే అది ఒరగడం కిందికి వస్తుందని నాలుగో పేజీలో ఉంది.

బండ దగ్గర షామియానా వేసి, కుర్చీలు వేసి, కమిటీ కూర్చుంది. మొదట తిమ్మప్పను పిలిచారు. ఆయనకు ఇప్పుడు అరవై దాటింది. ఒకసారి పడ్డాడు. సభ్యుల్లో ఒకాయన అప్పుడే టీ అందుకుంటూ అటు తిరిగి ఉన్నాడు, చూడలేదు. రెండోసారి పడ్డాడు. దరఖాస్తులో 'మోకాలు ముందు' అని ఉండగా చెయ్యి ముందు ఆనింది. మూడోసారి అన్నీ సరిగ్గా కుదిరాయి. లేచి మోకాలు పట్టుకుని నిలబడ్డాడు.

"నవ్వలేదు" అని కమిటీ రాసుకుంది. పడినవాడు నవ్వాలన్నది ఊరి రివాజే కదా. తిమ్మప్ప బండ రద్దైంది.

కుళ్ళాయిరెడ్డి రెండు గుంతల్లోనూ శుభ్రంగా పడి, రెండుసార్లూ నవ్వాడు. కోళ్ళఫారం నడిపేవాడికి ఓర్పుకేం తక్కువ. కానీ ఒక వ్యక్తికి ఒకే పతనం అని పరిమితి పెట్టారు. మిగులు గుంతను మండలికి అప్పగిస్తున్నట్టు ఆయనచేత సంతకం పెట్టించుకున్నారు. చిన్న గుంత వదులుకుంటానంటే వీల్లేదన్నారు, పెద్దదే వదలాలట.

అలా నలభై రోజులు గడిచేసరికి ముప్ఫయ్యొక్క పేర్లలో పదకొండు మిగిలాయి, రాళ్ళపెంటలో మోకాళ్ళు బాగున్నవాళ్ళు అంతకంటే తక్కువ మిగిలారు. ఆదివారాలు షాపు ముందుకు జనం అలవాటుగా వచ్చి, గుట్ట కేసి చూసి, కుంటుకుంటూ వెళ్ళిపోయేవారు.

ఖాదర్ మలుపు వంతు వచ్చింది. ఓబులేసు ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఆయన లేరు సార్."

"ఎప్పుడు వస్తారు?"

"పోయినారు సార్. పోయినేడే."

పరాంకుశంగారు కుర్చీలోంచి లేచి రెండు క్షణాలు మౌనం పాటించారు. ఆయన చెడ్డవాడు కాదు. తర్వాత కూర్చుని, "మరి స్వయంగా హాజరై పడాలని నిబంధన. ఆయన హాజరు కాలేదు కాబట్టి ఈ మలుపును ఖాళీగా ప్రకటించాల్సి ఉంటుంది" అన్నారు.

"నేను చూసినా సార్ ఆయన పడింది. వనజాక్షి చూసింది. మేకలాయన చూసినాడు."

"మీరు చూసింది అప్పటి పతనం. మాకు కావాల్సింది ఇప్పటిది."

ఖాళీ అయిన మలుపు ఖాళీగా ఉండదు. హోదాను బట్టి ఎత్తు అన్నది నిబంధనావళి తొమ్మిదో పేజీ. అన్నిటికన్నా ఎత్తున్న మలుపు అందరికన్నా పెద్దవారికి చెందుతుంది. మార్గం ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారు. వారు ఆ మలుపులో లాంఛనంగా పడి, తమ నామధేయం ప్రసాదిస్తారని ఆహ్వాన పత్రిక కూడా అచ్చయింది. ఆ మాట విన్నరోజు ఓబులేసు షాపు షట్టరు సగం దించి లోపల కూర్చున్నాడు. చేతిలో ఉన్న స్పానరు ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియలేదు. చివరికి నిబంధనావళి తీసి ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ చదివాడు. ముప్ఫై ఎనిమిదో పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో దొరికింది: 'మరణించినవారి విషయమున, చట్టబద్ధ వారసులు కారుణ్య ప్రాతిపదికన పడవచ్చును.'

వారసత్వ ధ్రువపత్రం కోసం నాలుగుసార్లు తిరిగి, ఐదోసారి చేతిలో పట్టుకుని జులేఖాబీ ఇంటికి పోయాడు. ఆమె వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. అంతా విని, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"ఒకసారి పడితే ఆయన పేరు ఉంటాదా నాయనా?"

"ఉంటాది అత్తా. కానీ సైకిలు కదులుతా ఉండంగ పడల్ల. అంటే ముందు తొక్కేది రావల్ల."

"ముప్పై ఏండ్లు అడిగినాడు మీ మామ, రా నేర్పిస్తానని. నేనే సిగ్గుకు పోలేదు. ఇప్పుడు పడేదానికోసరం నేర్చుకోవల్ల." ఆమె చింతపండు పక్కకు జరిపింది. "నేర్పు" అంది.

హైస్కూలు గ్రౌండులో మూడు వారాలు నేర్పాడు. చీర కుచ్చిళ్ళు బిగించి దోపుకుని, తగ్గు కడ్డీ ఉన్న ఆడవాళ్ళ సైకిలెక్కింది. మొదటి వారం లెక్కలేనన్నిసార్లు పడింది. ఓబులేసు ఆశకొద్దీ అవి చెల్లుతాయేమోనని పరాంకుశంగారిని అడిగాడు. హైస్కూలు గ్రౌండులో పడితే అది విద్యాశాఖ పరిధి అని ఆయన చెప్పారు. రెండో వారం తక్కువ పడింది. మూడో వారం గ్రౌండు చుట్టూ తిరుగుతుంటే తిమ్మప్ప, వనజాక్షి, కుళ్ళాయిరెడ్డి వచ్చి గట్టున కూర్చుని చూసేవారు. తలా ఒక మాట చెప్పేవారు. తొక్కనివ్వకపోతే పోనీ, నేర్పడానికి నిషేధం లేదు కదా అని వాళ్ళకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది.

"అత్తా, బాగా నేర్చుకున్యావు గానీ, పడేది మర్చిపోవద్దు" అన్నాడు ఓబులేసు చివరి రోజు.

"ఎట్ల మర్చిపోతా? దానికోసరమే గదా ఇదంతా."

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారి పతనం పదకొండింటికి. జులేఖాబీకి తొమ్మిదీ పదిహేను నుంచి తొమ్మిదీ ఇరవై అయిదు వరకు, ఒకే ఒక అవకాశం. ఆమె పడితే మలుపు ఖాదర్ సాబుదే, మంత్రిగారు కింద రెండో మలుపుకు సర్దుకోవాలి. మూడో మలుపులో సున్నంతో గుండ్రంగా గీసి, పతన వలయం అని రాశారు. అందులోనే పడాలి. కమిటీ నలుగురూ కుర్చీల్లో కూర్చున్నారు, ఈసారి టీ ముందే తాగి. దారికి అటూ ఇటూ ఊరివాళ్ళు నిలబడ్డారు.

జులేఖాబీ పైనుంచి బయల్దేరింది. ఓబులేసు అన్ని దేవుళ్ళకూ మొక్కుకున్నాడు, పడాలి, తల్లీ పడాలి అని. ఇంతకాలం పడకూడదని మొక్కుకున్న నోటితో అలా మొక్కుకోవడం అతనికి సిగ్గుగా అనిపించింది. ఆమె వేగంగా దిగుతోంది. సరిగ్గా వలయం దగ్గరికి వచ్చేసరికి ముందు చక్రం గులకరాయి మీద జారింది. సైకిలు ఎడమకు ఒరిగింది. కమిటీ సభ్యులు పెన్నులు ఎత్తారు.

"ముందు బ్రేకు వదులు అత్తా, దోవ చూడు, రాయిని చూడొద్దు."

అరిచింది ఎవరో కాదు, ఓబులేసే. పదేళ్ళుగా ఒరిగిన ప్రతి సైకిలుకూ ఆ నోటి నుంచి వచ్చే మాట అది. మనసుతో పని లేకుండా వచ్చేసింది. అతని వెనకే తిమ్మప్ప "మోకాలు బయటికి" అన్నాడు, వనజాక్షి "బరువు వెనక్కి వెయ్ పిన్నమ్మా" అంది, కుళ్ళాయిరెడ్డి "వదలద్దు, వదలద్దు" అన్నాడు. జులేఖాబీ బ్రేకు వదిలింది, దోవ చూసింది, బరువు వెనక్కి వేసింది. సున్నం వలయాన్ని నిలువునా చీల్చుకుంటూ పోయి, మలుపు తిరిగి, కిందికి దిగి, కాలు ఆనించి ఆగింది.

జనం చప్పట్లు కొట్టారు. కొట్టాక గుర్తొచ్చి ఆపేశారు.

ఆమె సైకిలు నడిపించుకుంటూ పైకి వచ్చింది. మొహమంతా నవ్వే.

"అమ్మా, మీరు పడలేదు" అన్నారు పరాంకుశంగారు.

"అవును సార్. మతికి రాలేదు."

'అర్జీదారు తగు అవకాశము ఇవ్వబడినప్పటికీ పడుటయందు విఫలురాలైనారు' అని కమిటీ రాసి, నలుగురూ సంతకాలు పెట్టారు. పడనివారి విషయంలో ఏం చేయాలో నలభై నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

ఓబులేసు ఒక బండ మీద కూలబడి ఏడ్చాడు. నలుగురూ చూస్తున్నారన్న వెరపు కూడా లేకుండా ఏడ్చాడు. "నా నోరు పడిపోను. మూసుకోని ఉంటే అయిపోయేది. చేజేతులా పోగొట్టినా అత్తా."

ఆమె పక్కన కూర్చుంది. "నువ్వు అరవకున్నా పడేదాన్ని కాదులే నాయనా. ఆ రాయి మీద జారినప్పుడు చూడు, మీ మామ మాట నీ నోట్లోనుంచి వచ్చినట్ల అనిపించె. ఆయన పేరు నిలబెట్టేదానికి ఆయన చెప్పింది తప్పల్లనా?"

పదకొండింటికి రావాల్సిన మంత్రిగారు పన్నెండున్నరకు వచ్చారు. పెద్దమనిషి, మంచివాడే. సైకిలు చూడగానే మొహం వికసించింది. చిన్నప్పుడు తొక్కానని, ఒక చుట్టు తొక్కనివ్వమని అడిగారు. భద్రతా సిబ్బంది ఒప్పుకోలేదు. సైకిలును ఇనుప స్టాండుకు బిగించి, వెనక చక్రం గాలిలో తిరిగేలా పెట్టారు. చక్రం తిరుగుతోంది కాబట్టి సైకిలు చలనంలో ఉన్నట్టే. చుట్టూ పద్నాలుగు స్పాంజి పరుపులు పరిచారు. ఇద్దరు ఎడమ చెయ్యి, ఇద్దరు కుడి చెయ్యి, ఒకరు నడుము పట్టుకున్నారు.

"ఇప్పుడు పడమంటారా?" అని అడిగారు మంత్రిగారు.

"పడాలండయ్యా" అన్నారు పరాంకుశంగారు.

"పడనివ్వం" అన్నారు భద్రతా అధికారి. "వారి శరీరం నేలకు తాకితే నా ఉద్యోగం పోతుంది."

"తాకకపోతే పతనం ఎలా అవుతుంది?"

"అది మీ శాఖ సమస్య."

ఇద్దరూ ఎవరి నిబంధనావళి వాళ్ళు తెరిచి ఇరవై నిమిషాలు చదివారు. అంతసేపూ మంత్రిగారు గాలిలో తొక్కుతూ, మలుపు నుంచి కిందికి పోతున్న దారి వైపు ఆశగా చూస్తూ ఉన్నారు. చివరికి కమిటీ అక్కడికక్కడే సమావేశమై తీర్మానించింది: 'ప్రజాసేవలో తలమునకలై ఉన్న గౌరవనీయ మంత్రివర్యులకు పడుటకు వ్యవధి లేనందున, వారు సదరు మలుపులో పడినట్లుగా భావించడమైనది.' నవ్వు సంగతి ఎవరో గుర్తు చేశారు. నవ్వినట్లుగా కూడా భావించారు. మంత్రిగారు దిగి, సైకిలు సీటు ఒకసారి తడిమి, కారెక్కి వెళ్ళిపోయారు.

ఇక బోర్డు పాతడమే తరువాయి. పడిన తర్వాతే పేరు రాయించాలని నిబంధన ఉండడంతో, ఊళ్ళో పెయింటరు ఫోను మీద పేరు వినేసి ఇనుప బోర్డు మీద అప్పటికప్పుడు రాశాడు. దాన్ని ట్రాక్టరు మీద పంపించారు. ట్రాక్టరు గుట్ట కింద ఆగిపోయింది. డ్రైవరు ఫోను చేశాడు. చుట్టూ జనం ఉన్నారని, తన పనితీరు నలుగురికీ తెలియాలని పరాంకుశంగారు స్పీకరు పెట్టారు.

"యాడికి తేవల్ల సార్ ఈ బోర్డు?"

"గౌరవనీయ మంత్రివర్యుల మలుపు దగ్గరికి తీసుకురా."

"అదెక్కడ సార్?"

"బోర్డు మీద రాసి ఉంది చూడు."

"పేరుండాది సార్. యాడుండాదో రాసిలేదు. ఈడ సానా మలుపులుండాయి."

పరాంకుశంగారు గొంతు సవరించుకున్నారు. "మూడో మలుపు. అన్నిటికన్నా ఎత్తయినది."

"కింద నుంచి మూడోదా, పైనుంచి మూడోదా సార్?"

"షామియానా వేసి ఉన్నది."

"ఆరు చోట్ల ఉండాయి సార్ షామియానాలు."

పరాంకుశంగారు కమిటీ వైపు చూశారు. కమిటీ నిబంధనావళి వైపు చూసింది. ఎండ మాడ్చేస్తోంది. భోజనాలు గుట్ట కింద చల్లారిపోతున్నాయి, బోర్డు పాతితే గానీ ఎవరూ కదలడానికి లేదు. ఆయన స్పీకరు ఆపబోయారు గానీ, చెమటపట్టిన వేలికి ఆ ఫోను లొంగలేదు.

"ఖాదర్ మలుపయ్యా" అన్నారు.

"అట్ల చెప్పల్ల గదా సార్. వస్తాండా."

జులేఖాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో పక్కనే ఉన్న ఓబులేసుకు కూడా తెలియలేదు. కాసేపటికి ట్రాక్టరు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. డ్రైవరు కిందికి దూకి, గుంత తవ్వే చోటు తప్పిపోకూడదని, అక్కడున్న పెద్దమనుషులందరినీ ఉద్దేశించి మరోసారి అడిగాడు, "ఖాదర్ మలుపంటే ఇదే గదా సార్?" అని.

నలుగురు సభ్యులూ, ప్రత్యేకాధికారీ ఒక్కసారే అవునన్నారు. అంతకుముందు ఆ కమిటీ ఏ విషయంలోనూ అంత త్వరగా, అంత ఏకగ్రీవంగా ఒప్పుకున్నది లేదు.